కత్తికీ అక్షరానికీ మధ్య

మా బాబాయిని ఇంటిపేరుతో గానీ అసలు పేరుతో గానీ పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన అట్టలాయన. కాలేజీ వెనక సందులో, జిరాక్సు కొట్టుకూ టైలరుకూ మధ్య, పొడుగ్గా పెట్టెలా ఉండే గదిలో ముప్ఫై నాలుగేళ్ళు పుస్తకాలకు అట్టలు వేశాడు. మా నాన్నకు తమ్ముడు. పిల్లలు లేరు. ఇల్లు కొట్టుకు పైనే కాబట్టి, పిన్ని మెట్ల మీంచి "అన్నం చల్లారిపోతోంది" అని కేకేస్తే, కింద ఉన్న గిరాకీలు కూడా గబగబా పని ముగించుకుని వెళ్ళిపోయేవారు.

చూడ్డానికి బాబాయి మెతకమనిషి. పుస్తకం దగ్గర మాత్రం మహా మొండి. మడిచిన అచ్చుకాగితాల కట్టలను, అదే ఫారాలను, కుట్టి, జిగురు పట్టించి, ఆరాక పుస్తకాన్ని కటింగ్ మిషన్లో పెట్టి మూడు వైపులా అంచులు కోసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాలి. "అచ్చుకు చుట్టూ తెల్లగా మిగిలిన చోటుందే, అదే మార్జిన్. అది ఉన్నంతవరకే కత్తికి అధికారం" అనేవాడు. జిరాక్సు కొట్టతను వచ్చి, "ఆ నాలుగు కాగితాలు కొయ్యడానికి ఇంత మౌనవ్రతమా మేస్త్రీగారూ?" అని ఎకసెక్కం చేస్తే, తలెత్తకుండానే "నువ్వు వెలుతురుతో పని చేస్తావు, నేను కత్తితో చేస్తాను. నీది పోతే ఇంకో కాగితం వస్తుంది" అని జవాబిచ్చేవాడు.

అరవై మూడో ఏట ఆయనకు ఒక ఇబ్బంది మొదలైంది. అరగంటకోసారి సూది పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళొచ్చేవాడు. వెళ్ళిన మనిషి ఒక పట్టాన వచ్చేవాడు కాదు. "ముసలితనం" అన్నాడు బాబాయి. "నీళ్ళు ఎక్కువ తాగుతున్నారు" అంది పిన్ని. టైలరు మాత్రం, "మా మామకూ ఇలాగే మొదలైంది, ఎందుకైనా మంచిది, రక్తం చూపించు" అన్నాడు. ఆ మాట మీద చూపిస్తే పి.ఎస్.ఎ. అనే సంఖ్య ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. తర్వాత సూదితో ముక్కలు తీసి పరీక్ష చేశారు. ఆ తర్వాత ఆపరేషన్ డాక్టరు రమ్మన్నాడు.

"నువ్వు రావే అమ్మడూ. వాళ్ళు ఇంగ్లీషులో ఏవేవో రాస్తారు" అన్నాడు బాబాయి నాతో. నేను అప్పుడు ఎం.ఏ. రెండో ఏడు. చదివేది కవిత్వమూ నవలలూ అయినా, మా ఇంట్లో చదువంటే ఒకటే చదువు. వాళ్ళిద్దరితో నేనూ వెళ్ళాను.

డాక్టరు కంగారు లేని మనిషి. "మీకు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరు ఉందండీ" అని మెల్లిగా చెప్పాడు.

బాబాయి చెవి కాస్త ముందుకు పెట్టి, "గ్రంథమా?" అన్నాడు.

"గ్రంథి."

"క్షమించండి. నా చెవికి ఆ మాటే అలవాటు. ఎంత మందముంటుందండీ అది?"

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వుతో గది కాస్త తేలికపడింది. ఒక తెల్లకాగితం తీసుకుని బొమ్మ గీశాడు. పైన సంచిలా మూత్రాశయం. దాని కింద అక్రోటు కాయంత గ్రంథి. ఆ కాయ మధ్యలోంచి కిందికి దిగే నాళం. "ఇప్పటికి జబ్బు ఈ కాయ లోపలే ఉన్నట్టు స్కానులో కనిపిస్తోంది. కాకపోతే కొంచెం చురుకైన రకం. రేడియేషన్ ఇవ్వొచ్చు, లేదా ఆపరేషన్ చెయ్యొచ్చు. ఆపరేషన్ అంటే గడ్డను మాత్రమే గిల్లి తీసెయ్యడం కాదు. గ్రంథి మొత్తం, దాని వెనకనున్న వీర్యకోశాలతో సహా తీసేస్తాం. అప్పుడు మధ్యలో ఖాళీ వస్తుంది కదా? మూత్రాశయాన్ని కిందికి లాగి నాళానికి కుట్టేస్తాం."

"మధ్యలో ఒక ఫారం పాడైతే ఊడదీసి, పైదాన్నీ కిందిదాన్నీ కలిపి కుట్టినట్టు" అన్నాడు బాబాయి.

"సరిగ్గా అదే!"

ఇక బాబాయికి ధైర్యం వచ్చేసింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కుట్టు నిలుస్తుందా అని అడిగాడు. నిలుస్తుంది, కానీ మానేదాకా ఒక గొట్టం పెట్టి ఉంచుతామన్నాడు డాక్టరు. గొట్టం తీశాక కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు, మూత్రం చెప్పినమాట వినదనీ, దగ్గినా నవ్వినా కారిపోతుందనీ, కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు చేస్తూ ఉంటే చాలామందికి సర్దుకుంటుందనీ దాపరికం లేకుండా చెప్పాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఇంకో సంగతి. గ్రంథికి రెండు పక్కలా అతుక్కుని సన్నటి నరాలుంటాయి. మగతనానికి సంబంధించినవి" అన్నాడు.

నేను గోడ మీది క్యాలెండరులో తేదీలు చదవడం మొదలుపెట్టాను. పిన్ని కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది.

"వాటిని తీసేస్తే భార్యాభర్తల మధ్య ఆ సంబంధం దాదాపు ఉండదు. మిగిలిస్తే, కొంత ఆశ ఉంటుంది. కానీ మిగల్చాలంటే గ్రంథికి బాగా దగ్గరగా కొయ్యాలి. లోపల చూశాక చివరి నిర్ణయం నాదే. అయినా మీ ఉద్దేశం తెలియాలి."

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని చూడలేదు. "మిగల్చండి" అన్నాడాయన, అంచు బాగా వదలాలని ముప్ఫై నాలుగేళ్ళు అందరికీ చెప్పిన మనిషి.

లేచేముందు డాక్టరు వేలు పైకెత్తి చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "తీసిన గ్రంథిని పరీక్షకు పంపుతాం, రిపోర్టు వస్తుంది. అదొక్కటే చూసుకుని ఊరుకోవద్దు. ఆరు వారాలకు మళ్ళీ రక్త పరీక్ష. గ్రంథి ఉండదు కాబట్టి ఆ సంఖ్య ఇంచుమించు సున్నా రావాలి. రాకపోతే అప్పటికింకా రేడియేషన్ చేతిలో ఉంటుంది. ఆలస్యమైతే ఉండదు. వస్తారుగా?"

"తప్పకుండా" అన్నాడు బాబాయి. పిన్ని కూడా తలూపింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఒక పక్క నరాలు మిగల్చగలిగానని డాక్టరు చెప్పాడు. గొట్టమూ, సంచీ పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు, చూడ్డానికొచ్చిన ఎదురింటావిడ, "ఏం ఆపరేషనమ్మా?" అని అడిగితే పిన్ని సిగ్గుపడి, "గ్రంథి ఆపరేషను" అంది. వయసు మీదపడి ఆవిడకు చెవి మందం. "పుస్తకాలకు కూడా ఆపరేషన్లొచ్చాయా?" అంది. బాబాయి నవ్వబోయి, కడుపు పట్టుకుని, "వద్దమ్మా వద్దు, నవ్వించొద్దు, కుట్లు కొత్తవి" అని బతిమాలాడు.

గొట్టం తీసిన వారానికి రిపోర్టు తయారైందన్నారు. బాబాయీ నేనూ వెళ్ళాం. డాక్టరు ఊళ్ళో లేడు. కిటికీ దగ్గరమ్మాయి కవరు చేతికిచ్చి, "వచ్చేవారం వచ్చి చూపించుకోండి" అంది. బాబాయికి వారం ఆగే ఓపిక ఎక్కడుంది? మెట్ల దగ్గరే కవరు చింపి నా చేతిలో పెట్టాడు. "చదువు, చదువులమ్మా."

రెండు పేజీలు. సగం మాటలు నేనెప్పుడూ చూడనివి. కూడబలుక్కుంటూ చదివాను. చివర్లో ఒక వరుస ఉంది. మార్జిన్స్, దాని ఎదురుగా పాజిటివ్ అని.

"ఏమిటీ, మళ్ళీ చదువు."

"మార్జిన్స్ పాజిటివ్, బాబాయ్."

ఆయన ముఖం విచ్చుకుంది. "మార్జిన్ ఉందన్నమాట! చుట్టూ అంచు వదిలి కోశాడన్నమాట! అబ్బ, చెయ్యంటే అదీ చెయ్యి. నరాలు మిగిల్చి కూడా మార్జిన్ మిగిల్చాడు చూశావా?" అని మెట్ల మీదే నా తల నిమిరాడు. నేనూ సంతోషించాను. పాజిటివ్ అంటే మంచిదనే అనుకున్నాను.

అది మేమనుకున్నది కాదు. తీసిన ముక్క అంచు దాకా, కత్తి పడినచోటి దాకా క్యాన్సరు కణాలు ఉన్నాయని దానర్థం. కొన్ని లోపలే మిగిలిపోయి ఉండవచ్చని. అంచు శుభ్రంగా ఉంటే నెగెటివ్ అని రాస్తారు. ఈ సంగతి మాకు తెలియడానికి పది నెలలు పట్టింది.

ఆ పది నెలలు బాబాయి సందులో అందరికీ చెప్పుకున్నాడు. జిరాక్సు కొట్టతనికి, టైలరుకు, పుస్తకాలు తెచ్చిన లెక్చరర్లకు. "మార్జిన్ ఉందండీ" అనేవాడు, పరీక్షలో మొదటి మార్కు వచ్చినవాడిలా. వచ్చేవారం చూపించుకోమన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఆరువారాల రక్త పరీక్ష రోజున మాత్రం బాబాయీ పిన్నీ బయల్దేరారు. బస్సు కుదుపులకు ఆయన పంచె తడిసిపోయింది. పక్కసీటతను ముక్కు మూసుకుని లేచి వెళ్ళి నిలబడ్డాడట. రెండో స్టాపులోనే బాబాయి దిగిపోయాడు. వెనకే పిన్నీ దిగింది. ఇద్దరూ ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు.

"ఇంకోరోజు వెళ్దాం లెండి" అంది పిన్ని.

"వెళ్దాంలే. తొందరేముంది, మార్జిన్ ఉందిగా."

ఆ 'ఇంకోరోజు' రాలేదు. పిన్ని నెలకోసారి గుర్తుచేసేది. ఆయన, "ముందు ఈ కారడం తగ్గనీ. మళ్ళీ ఆ బస్సులో పరువు పోగొట్టుకోమంటావా?" అనేవాడు. ఆటోలో వెళ్దామంటే, పుస్తకాలు పేరుకుపోయాయనేవాడు. నేనూ ఒకసారి అడిగాను. "నువ్వే చదివావు కదే!" అన్నాడు. పిన్ని పాత చీరలు చింపి మడతలు కుట్టిచ్చేది, మేడ మీద గోడచాటున ఎవరికీ కనపడకుండా ఆరేసేది. ఏడో నెలకు తడి తగ్గింది. కానీ వంగి కూర్చుంటే నడుం నొప్పి అనడం మొదలుపెట్టాడు. బైండింగు పని చేసేవాడికి నడుంనొప్పి లేనిదెప్పుడు? ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో నేను కూర్చుని ఫారాలు వరస చూస్తున్నాను. మెడికల్ కాలేజీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. థీసిస్ బైండు చేయించుకోవాలి. బాబాయి కాగితాల కట్టను బల్ల మీద తట్టి సరిచేస్తూ అలవాటుగా ఎడమవైపు ఎంత తెలుపు వదిలారో చూడబోయి, ఒక పట్టిక దగ్గర ఆగాడు. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు.

"ఇదేంటమ్మా, ఇక్కడ కూడా మార్జిన్ పాజిటివ్ అని ఉంది?"

"అది మా సబ్జెక్టు, మేస్త్రీగారూ. ప్రోస్టేటు ఆపరేషన్లు."

"అలాగా! నాదీ అదే ఆపరేషను. నాదీ పాజిటివే!" అని బాబాయి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆ అమ్మాయి చేతిలోని పెన్ను మూత పెట్టడం ఆపేసింది. "ఎప్పుడైందండీ?" అని అడిగింది.

"పది నెలలవుతోంది."

"తర్వాత పి.ఎస్.ఎ. ఎంత వచ్చింది?"

"చేయించలేదమ్మా. మార్జిన్ ఉందిగా, ఇంకెందుకని."

ఆవిడ నా వైపు చూసింది. నేను కట్ట కింద పెట్టాను. ఆవిడ బల్ల మీదున్న తెల్లకాగితం తీసుకుని, మధ్యలో పెన్నుతో నల్లగా ఒక మచ్చ రుద్ది, ఆ మచ్చ అంచు మీదుగానే ఒక గీత గీసింది. "కోసిన గీత ఇది. జబ్బు గీత దాకా ఉంటే మేం పాజిటివ్ అంటాం, మేస్త్రీగారూ. గీతకూ జబ్బుకూ మధ్య తెల్లగా ఉంటే నెగెటివ్ అంటాం."

బాబాయి ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"అంటే కత్తి అక్షరం మీద పడిందన్నమాట" అన్నాడు.

"అలా ఉన్నా అందరికీ తిరిగి రాదండీ. చాలామందికి రాదు. పరీక్ష మాత్రం రేపే చేయించండి. రేపే."

"అలాగేనమ్మా. మీ పుస్తకం ఎప్పటికి కావాలి?"

"పుస్తకం సంగతి తర్వాత…"

"లేదు, చెప్పండి. ఎల్లుండికి ఇస్తాను."

ఆవిడ వెళ్ళాక, కింద పెట్టిన కట్టను నేను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. బాబాయే అన్నాడు, "నువ్వు చదివింది కరెక్టే, అమ్మడూ. కాగితంలో ఉన్నదే చదివావు. తప్పుగా విన్నది నేను." తర్వాత, మేడ మీదికి వినపడకుండా, "మీ పిన్నికి నేను చెబుతాను. నువ్వేం చెప్పకు" అన్నాడు.

పి.ఎస్.ఎ. పద్నాలుగు వచ్చింది. స్కానులో నడుం ఎముకల్లో మచ్చలు కనిపించాయి.

డాక్టరు ఆ పాత రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు. బాబాయి అడిగిన మొదటి మాట, "మళ్ళీ ఒకసారి కొయ్యకూడదాండీ?"

"ఇక కొయ్యడానికి ఏమీ లేదండీ. ఎముకల్లోకి వెళ్ళింది. ఇంజెక్షన్లు ఇద్దాం. కొంతకాలం అణిచిపెడతాయి."

"పోగొట్టవా?"

"పోగొట్టవు."

పిన్ని అప్పుడు నోరు తెరిచింది. ఆ గదిలో ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి. "ఏ పక్కనండీ మిగిలింది?"

డాక్టరు రిపోర్టు చూశాడు. చూడాల్సిన అవసరం లేకపోయినా చూశాడనిపించింది. "ఎడమ పక్క" అన్నాడు.

"ఆ నరాలు మిగిల్చిన పక్కేనా?"

ఆయన రిపోర్టు మడిచి పక్కన పెట్టాడు. "అవునమ్మా. కానీ అందువల్లే అని చెప్పలేను. నరాలు తీసేసినా అలాగే ఉండేదేమో. రిపోర్టు చూసి మేమే ఫోన్ చెయ్యాల్సింది. ఊరి నుంచి వచ్చాక నేను చూసుకోవాల్సింది. అది మా పొరపాటు."

"అప్పుడే వచ్చుంటే?" అని నేను అడిగాను.

"తగ్గేదని మాట ఇవ్వలేను. పట్టుకోవడానికి అవకాశం ఉండేది."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్ని మధ్యలో కూర్చుంది. దారంతా ఏడుపు దిగమింగుకుని, ఇంటి ముందు దిగాక మెట్ల దగ్గర కూలబడింది. "మిగల్చమని ఎందుకన్నారండీ? నేనడిగానా? యాభై ఎనిమిదేళ్ళదాన్ని. నాకేం తక్కువైందని అన్నారు?"

"నీకోసం కాదే" అన్నాడు బాబాయి.

"మరి?"

ఆయన తలుపు తాళం తీయబోతూ ఆగాడు. "నువ్వు నా వైపు చూసే చూపు మారిపోతుందేమోనని."

పిన్ని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను, "నేను తప్పు చదవడం వల్లే పిన్నీ, అప్పుడు నేను ఆ మాట ఎవరినైనా అడిగుంటే…" అని మొదలుపెట్టాను. బాబాయి చెప్పొద్దన్న మాట కూడా మరిచిపోయాను. ఆయన తాళంచెవి తలుపుకే వదిలేసి మా ఇద్దరి వైపూ తిరిగాడు. నా ఎరుకలో ఆయన గొంతు పెంచడం అదొక్కసారే.

"ఆపండి! ఒకళ్ళేమో నాకోసమే అలా అన్నారా అంటారు, ఇంకొకళ్ళేమో నేను తప్పు చదవడం వల్లనంటారు. ఆ డాక్టరుకీ వాటా కావాలి. పంచుకోవడానికి ఇదేమన్నా ఆస్తా? జబ్బు నాది. బస్సు దిగి ఇంటికొచ్చింది నేను. తప్పు కూడా నాదే, నా దగ్గరే ఉండనీయండి."

ఆ తర్వాత ఆయన పదిహేడు నెలలు బతికాడు. ఇంజెక్షన్ల వల్ల ముఖం ఉబ్బి, ఒళ్ళంతా ఉన్నట్టుండి చెమటలు పట్టేవి. "ఆడవాళ్ళకు నెలసరి ఆగేటప్పుడు వచ్చే ఆవిర్లే ఇవీ. నీ బాధ ఇప్పుడు తెలిసింది" అని పిన్నితో అనేవాడు. పిన్ని నవ్వేది కూడా. మొదటి ఏడాది పని మానలేదు. డాక్టరమ్మ థీసిస్ చెప్పిన రోజుకే ఇచ్చాడు. నడుం వంగనప్పుడు నిలబడి కుట్టాడు, నిలబడలేనప్పుడు పుస్తకాన్ని పైకి తెప్పించుకుని మంచం మీద కుట్టాడు. పిన్ని పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించిచ్చేది. ఇద్దరూ తక్కువ మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు నేను మెట్లెక్కి వచ్చేసరికి, పిన్ని ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చుని ఉంది. ఆయనకు అది తెలుస్తోంది. తెలిసీ తెలియనట్టు కుట్టుకుంటున్నాడు. నేను వచ్చిన దారినే దిగిపోయాను.

చివరి నెలల్లో ఎముకల నొప్పి ఎక్కువైంది. మాత్రల మత్తులో కూడా వేళ్ళు కదిలేవి, కుడుతున్నట్టు. ఒక ఉదయం, పిన్ని పాలు కాచుకొచ్చేలోపు పోయాడు.

మూడు వారాల తర్వాత కొట్టు తెరిచాం. నలభైకి పైగా పుస్తకాలున్నాయి. కొన్ని పూర్తయ్యాయి, కొన్ని కుట్టు మధ్యలో ఆగాయి. ఏది ఎవరిదో ఆయన ఎప్పుడూ రాసుకోలేదు. ముఖం చూస్తే పుస్తకం గుర్తొచ్చేది ఆయనకు. అందుకని తలుపులు బార్లా తెరిచి, సొంతదారులే వచ్చి వెతుక్కుంటారని పిన్నీ నేనూ రెండు స్టూళ్ళ మీద కూర్చున్నాం.

తెలిసినవాళ్ళు వచ్చి, కళ్ళొత్తుకుని, ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళారు. మధ్యాహ్నం వేళ ఒకాయన వచ్చాడు. దూరం నుంచి వచ్చినట్టున్నాడు, చెమటలు కక్కుతున్నాడు. సంగతి తెలియదు. అరల్లో తన పుస్తకాన్ని గుర్తుపట్టి లాగి చూశాడు. కుట్టు పూర్తయింది, అట్ట లేదు.

"ఇదేంటమ్మా, ఇంకా కాలేదా? ఇచ్చి ఎనిమిది నెలలైంది. ఇప్పుడిస్తాం అప్పుడిస్తాం అనడమే గానీ ఇచ్చింది లేదు. ఆయనేరీ?"

నేను లేవబోయాను. పిన్ని నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆయన లేరండీ" అంది.

"ఎప్పుడొస్తారు?"

పిన్ని ఆ వచ్చినాయన ముఖం వైపు చూసింది. ఆ పుస్తకాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, దుమ్ము కొంగుతో తుడిచి, పాత పేపర్లో చుట్టి, దారం కట్టింది. ముడి సరిగ్గా పడలేదు. విప్పి మళ్ళీ కట్టింది.

"ఆలస్యమైపోయిందండీ" అంది, పొట్లం అందిస్తూ. "మా తప్పే."